మా వాన లెక్కకు ఏ ఆపరేటింగ్ సిస్టమ్?

మా తండా బడిలో వాన లెక్క పుస్తకం ఒకటి ఉంది. మామూలు పొడుగు రిజిస్టరు. తేదీ, కార్తె, వాన ఎన్ని మిల్లీమీటర్లు, వాడకం మానేసిన బోరులో నీళ్లు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయి, ఎవరు చూశారు. అంతే గడులు. పొద్దున 8:30కి వానమాపకం దగ్గరికి పోవాలి. వాతావరణ శాఖ వాళ్లు చూసే వేళ అదే కాబట్టి మేమూ అదే పెట్టుకున్నాం. తొమ్మిదేళ్లుగా సాగుతోంది. ఐదో తరగతి దాటి హైస్కూలుకు పోయిన పిల్లలు సెలవుల్లో వచ్చి మళ్లీ వంతులు పంచుకుంటారు. మేము అంటే ఇద్దరు టీచర్లం, ఈ బడిలోనే అక్షరాలు దిద్ది ఇప్పుడు ఇంటర్లో, డిగ్రీలో ఉన్న ఏడెనిమిది మంది పిల్లలు. అందరం సుగాలీలమే.

ఈ పుస్తకాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలనుకున్నప్పుడు వచ్చింది చిక్కు. మా దగ్గర ఉన్నది ఎవరో వాడి వదిలేసిన పాత కంప్యూటర్. మెమరీ 4 జీబీ. అందులో ఉన్నది విండోస్ 10. దానికి కంపెనీ ఇచ్చే ఉచిత రక్షణ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే పాత ప్రాసెసర్లను అది ఒప్పుకోదు. టౌన్లో రిపేరు చేసే అబ్బాయిని అడిగితే, “ఏదో ఒగటి ఏసిస్తా సార్, కాపీ ఉంది నా కాడ” అన్నాడు. దొంగ కాపీ అన్నమాట. పిల్లలకు రోజూ కాపీ కొట్టొద్దని చెప్పే వాళ్లం, దానికి తలూపలేకపోయాం. అప్పటినుంచి మొదలైంది మా చర్చ: ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవాలి?

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో తెలియని చిన్న పిల్లలకు మేము ఇట్లా చెప్పాం. బడి ఉంది. గదులు, బెంచీలు, బోర్డు ఉన్నాయి. ఏ గదిలో ఏ తరగతి కూర్చోవాలి, గంట ఎప్పుడు కొట్టాలి, బీరువా తాళం ఎవరి దగ్గర ఉండాలి అని చూసే మనిషి ఒకరు లేకపోతే బడి నడవదు. కంప్యూటర్లో ఆ పని చేసేది ఆపరేటింగ్ సిస్టమ్. పాఠం చెప్పే సాఫ్ట్‌వేర్ వేరే. విండోస్, మాక్, లినక్స్ అనే మూడు పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి. మాక్ మా తాహతుకు మించినది కాబట్టి దాని సంగతి ఇక్కడ రాయడం లేదు.

ఇంత చిన్న వాన లెక్కకు ఇంత చర్చ ఎందుకని మీకు అనిపించవచ్చు. మా తండాలో ఒక తండ్రి అడిగిన మాట చెబుతాం. శనక్కాయ ఊడలు దిగే వేళకు మా దిక్కున చినుకు లేదు. మండల కేంద్రంలో మాత్రం ఒక రాత్రి బాగా పడింది. ఆయన బడి దగ్గరికి వచ్చి, “మన వానా మండలం వానా ఒగటేనా సార్? వాళ్ల లెక్కలో తడిసింది, మన చేను ఎండింది” అన్నాడు. వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారం తేల్చేది నిర్ణయించిన కేంద్రంలో నమోదైన వాన. మన చేను మీద పడ్డ వాన కాదు. అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అందులో ఒక్క మంచి పదును తప్పితే సంసారం బెంగళూరు బండి ఎక్కుతుంది. మా దగ్గర తొమ్మిదేళ్ల సొంత లెక్క ఉండీ, దాన్ని నలుగురి ముందు పెట్టే పద్ధతి తెలియకపోతే అది వట్టి కాగితమే.

మా నేల గురించి శాస్త్రీయ లెక్కలు లేకపోలేదు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సులోచనా గాడ్గిల్, ఆమె సహచరులు అనంతపురం ప్రాంతపు వర్షాధార వేరుశనగ మీదే పరిశోధన చేశారు. 1999లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో అచ్చయింది. ఎప్పుడు విత్తితే నష్టం తక్కువ అనే ప్రశ్నను రైతులతో మాట్లాడి తయారు చేసుకున్నారు. ఎన్నో ఏళ్ల వాన లెక్కలను పీనట్‌గ్రో అనే పంట నమూనాకు ఇచ్చి చూశారు. పంట నమూనా అంటే మొక్క రోజురోజుకూ ఎట్లా పెరుగుతుందో అంకెల్లో పెంచి చూపే సాఫ్ట్‌వేర్. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆ నమూనాకు మన ఎర్రనేల వాన ఎక్కించి నడిపారు. కంప్యూటర్లో మా శనక్కాయ మొలిచింది, ఊడ దిగింది, ఎండింది. ఇది తెలిసినప్పుడు మా పిల్లల ముఖాలు చూడవలసింది. “మన చెట్టు అమెరికా లెక్కలో పెరిగిందా?” అని ఒకడు పగలబడి నవ్వాడు.

జనం సొంతంగా కొలుచుకోవడం కూడా ఇక్కడ కొత్త కాదు. 2000ల దశాబ్దంలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, అనంతపురంతో సహా, ‘రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జలాల యాజమాన్యం’ అనే పథకం నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటు ఉంది. రైతులే వాన కొలిచారు, బోర్ల లోతు కొలిచారు, ఉన్న నీటికి ఏ పంట సరిపోతుందో కూర్చుని లెక్కేశారు. బడి మెట్టు ఎక్కని ఆడవాళ్లు కూడా బోరు నీటిమట్టం చెప్పగలిగారు. మా రిజిస్టరులోని గడులు ఒక విధంగా ఆ బాటలోవే.

కాబట్టి మేము ప్రశ్నను తిప్పి వేసుకున్నాం. ఏ సిస్టమ్ గొప్పది అని అడగకుండా, మనకు కావలసిన పరిశోధన సాఫ్ట్‌వేర్లు ఏవి, అవి ఎక్కడ నడుస్తాయి అని చూశాం. మా పనికి మూడు తేలాయి.

ఒకటి ఆర్. గణాంకాలకు పనికొచ్చేది. 1990లలో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులు మొదలుపెట్టారు. పిల్లలకు పాఠం చెప్పడానికే తయారైందని వినగానే మాకు దాని మీద మమకారం పెరిగింది. రెండోది పటాలు గీసే క్యూజిఐఎస్. మూడోది పైన చెప్పిన వేరుశనగ నమూనా. అది ఇప్పుడు డిశాట్ అనే పెద్ద పంటల నమూనాల మూటలో భాగం.

మొదటి రెండూ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఒక్కలాగే నడుస్తాయి, డబ్బు అడగవు. మూడోదాని సంగతి కొంచెం వేరు. డిశాట్‌లో బొమ్మలతో, బటన్లతో ఉండే పైముఖం విండోస్ కోసం చేసినది. లోపల లెక్క చేసే ఇంజను మాత్రం ఫోర్ట్రాన్ అనే పాత భాషలో రాసినది. దాని మూల రచన ఇప్పుడు అందరికీ తెరిచి ఉంది, లినక్స్‌లో కూడా కట్టుకుని నడుపుకోవచ్చు. అంటే సులువు విండోస్ వైపు, లోపలికి తొంగిచూసే అలవాటు లినక్స్ వైపు. రోజుకు ఒక చేను లెక్క చూసుకునే వారికి విండోసే హాయి. తొమ్మిదేళ్లు, పది రకాల విత్తే తేదీలు, నాలుగు రకాల నేలలు కలిపితే 360 సార్లు నడపాలి. మౌసు పట్టుకుని 360 సార్లు నొక్కే ఓపిక ఎవరికి? నాలుగు వాక్యాల ఆదేశం రాసి వదిలి, గంగాళంలో సంగటి గెలికి వచ్చేలోపు లెక్క అయిపోవాలి. ఆ పని రెండు సిస్టముల్లోనూ చేయవచ్చు గానీ, లినక్స్‌లో అది పుట్టుకతో ఉన్న గుణం. ప్రపంచంలో అతి వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా ఒకటి ఏడాదికి రెండుసార్లు వస్తుంది. 2017 నవంబరు నుంచి ఆ 500లో ప్రతి ఒక్కటీ లినక్స్ మీద నడిచేదే. మన రుతుపవనాల అంచనా కోసం పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థలో 2018లో పెట్టిన ‘ప్రత్యూష్’ కూడా అంతే. రేపు మన పిల్ల అక్కడ పనికి పోతే ఎదురయ్యే తలుపు అదే.

తెలుగు అక్షరాల సంగతి ఇంకో లెక్క. మా పుస్తకంలో కార్తెల పేర్లు తెలుగులోనే ఉన్నాయి. మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి. మా పెద్దలకు జూన్ 22 అంటే పట్టదు, ఆరుద్ర అంటే పడుతుంది. లెక్క కూడా కార్తెల వారీగా తీస్తేనే తండాలో చెప్పగలం. 2022లో 4.2 వెర్షన్ వచ్చేదాకా విండోస్‌లో ఆర్ చాలాసార్లు తెలుగు అక్షరాన్ని అక్షరంగా చూపేది కాదు. ‘వ’ ఉండాల్సిన చోట ఏవో గుర్తులు, అంకెలు వచ్చేవి. లినక్స్‌లో ఆ బాధ అంతకు ముందే లేదు. ఇప్పుడు రెండు చోట్లా బాగానే ఉంది, పాత వెర్షన్ పెట్టుకున్న వారికి తప్ప. అన్నట్టు డెబియన్ లినక్స్‌తో వచ్చే తెలుగు అక్షరరూపాల్లో ఒకదాని పేరు పోతన, ఇంకోదాని పేరు వేమన. కదిరి పక్కన కటారుపల్లెలో సమాధి ఉన్న మన వేమన కంప్యూటర్లో ఉన్నాడని చెబితే ఒక చిన్న పిల్ల, “ఆయన పద్యాలు కూడా లోపల ఉన్నాయా సార్?” అంది. లేవమ్మా, అక్షరాల రూపమే ఉంది అన్నాం.

ఇక అసలు విషయానికి వస్తాం. పై సంగతులు ఏ దుకాణంవాడైనా చెప్పగలడు. మాకు కళ్లు తెరిపించింది తేదీల గొడవ.

ఒక ఏడాది లెక్కను పిల్లలు టౌన్లో టైపు చేయించి తెచ్చారు. ఇంటర్ చదివే అమ్మాయి దాన్ని చూస్తూ చూస్తూ ఆగిపోయింది. “సార్, మార్చి 7న 38 మిల్లీమీటర్ల వాన ఎక్కడిది? ఆ పొద్దు దుమ్ము తప్ప ఏముంది మన దగ్గర?” రిజిస్టరు తీసి చూశాం. ఆ వాన పడింది జూలై 3న. మేము రాసింది మన పద్ధతిలో, రోజు ముందు, నెల తరువాత. ఆ కంప్యూటర్లో ఆపరేటింగ్ సిస్టమ్ అమర్పు అమెరికా పద్ధతిలో ఉంది. వాళ్లకు నెల ముందు, రోజు తరువాత. 3/7 అంటే దానికి మార్చి 7. పోనీ అన్నీ ఒకే విధంగా తారుమారైతే ఇట్టే పట్టుకోవచ్చు. 13 నుంచి పైన ఉన్న రోజులకు నెల దొరకదు కదా, వాటిని తేదీగా కాక వట్టి అక్షరాలుగా ఉంచేసింది. సగం తిరగబడి, సగం నిలబడి ఉన్నాయి. జూలైలో పదును దొరికిన రోజు మార్చిలోకి పోతే విత్తే తేదీ లెక్క ఏమవుతుంది? ఆ ఒక్క మారుపాటుతో, మా తండాకు సకాలంలో వాన పడలేదని మా పుస్తకమే సాక్ష్యం చెప్పి ఉండేది.

అప్పటినుంచి తేదీని 2021-07-03 అని రాస్తున్నాం. ముందు ఏడాది, తరువాత నెల, చివర రోజు. ఇది అంతర్జాతీయంగా ఒప్పుకున్న పద్ధతి. ఏ సిస్టమూ దీన్ని తప్పు చదవదు. పైగా వరసలో పెడితే తేదీలు వాటంతట అవే సరిగ్గా నిలబడతాయి.

ఇట్లాంటిది పెద్ద పెద్ద ప్రయోగశాలల్లోనూ జరిగింది. 2019లో అమెరికాలోని హవాయి విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధక విద్యార్థి, అణువుల నిర్మాణం తేల్చే ఒక లెక్కను తిరిగి చేసి చూశాడు. ఆ లెక్క కోసం 2014లో వేరే శాస్త్రవేత్తలు పైథాన్ భాషలో రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాములను ఎందరో వాడుతున్నారు. అవే ఫైళ్లు, అదే ప్రోగ్రాము. ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక జవాబు, ఇంకో దాంట్లో ఇంకో జవాబు! కారణం తవ్వితే ఇంతే తేలింది. ఫైళ్లు పేర్ల వరసలో అందుతాయని ఆ ప్రోగ్రాము నమ్మింది. కొన్ని సిస్టములు అట్లాగే అందిస్తాయి, కొన్ని తమకు తోచిన వరసలో అందిస్తాయి.

టీచర్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. హాజరు పట్టీలో పేర్లు రోల్ నంబరు వరసలో ఉన్నాయి. జవాబు పత్రాల కట్ట మాత్రం పిల్లలు ఇచ్చిన వరసలో ఉంది. పేరు చూడకుండా మొదటి పత్రం మార్కులు మొదటి పేరుకు, రెండోది రెండో పేరుకు వేసుకుంటూ పోతే? కూడికలో తప్పు లేదు, దిద్దడంలో తప్పు లేదు. అయినా ఒకరి మార్కులు ఇంకొకరివి అయ్యాయి. ముందు కట్టను వరసలో పెట్టు అని ఒక్క మాట చేర్చితే ఆ ప్రోగ్రాము బాగుపడింది. కానీ అప్పటికే దాన్ని వాడి ఎన్నో పరిశోధన పత్రాలు వచ్చేశాయి.

ఆ విద్యార్థి ఎట్లా పట్టుకోగలిగాడు? ప్రోగ్రాము తెరిచి ఉంది కాబట్టి. లోపల ఏమి రాసి ఉందో చదవగలిగాడు కాబట్టి. మాకు లినక్స్ మీద మనసు పోవడానికి అసలు కారణం ఇది. అది తప్పు చేయదని కాదు. లినక్స్‌కూ దాని తిక్క దానికి ఉంది. ఇంగ్లీషులో ఒక ఫైలు పేరును పెద్ద అక్షరంతో రాసి, అదే పేరును చిన్న అక్షరంతో మళ్లీ రాస్తే లినక్స్‌కు అవి రెండు వేరు ఫైళ్లు. విండోస్‌కు మామూలుగా ఒకటే. పిల్లలు రెండు చోట్ల పని చేసి తెచ్చినప్పుడు ఈ తిక్క గుర్తుంచుకోవాలి. కానీ మన చేను గురించి ఒక యంత్రం తీర్పు చెప్పినప్పుడు, ఆ తీర్పు ఎట్లా వచ్చిందో అడిగే హక్కు మనకు ఉండాలి కదా. ఎన్నో తరాలుగా మన గురించిన లెక్కలన్నీ వేరేవాళ్లే రాశారు. మన భూమి పట్టా, మన కులం కాగితం, మన వాన. ఆ లెక్క పుస్తకాన్ని తెరిచి చూపమనడం మన పిల్లలకు నేర్పాల్సిన చదువు.

ఎదురు మాటలు కూడా మాలో గట్టిగానే వచ్చాయి. తోటి టీచరు ఒకటే మాట పట్టుకున్నారు. “పిల్లలు రేపు ఉద్యోగానికి పోతే ఆఫీసుల్లో విండోసే ఉంటుంది. మన సరదాకు వాళ్లను వెనకేస్తామా?” అది కొట్టిపారేసే మాట కాదు. ప్రింటింగ్ ప్రెస్సుల్లో తెలుగు కంపోజింగ్ చాలా చోట్ల యూనికోడ్ కాని పాత ఫాంట్లతో, విండోస్‌లోనే నడుస్తోంది. మీ చేతిలోని ఇట్లాంటి చిన్న పుస్తకాలు కూడా ఎక్కువగా అట్లాగే తయారవుతాయి. ఆ ఫాంట్లో కొట్టిన తెలుగు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. ఆ పని నేర్చుకుని బతుకుతున్న మన పిల్లలు ఉన్నారు. వాళ్లకు లినక్స్ పనికిరాదు. ఇంకొకటి, పాడైతే బాగుచేసేవాడు మా దగ్గర లేడు. విండోస్ అయితే టౌన్లో నలుగురున్నారు.

దీనికి జవాబుగా కేరళను చూపించాం. అక్కడి ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి లినక్స్ మీదనే కంప్యూటర్ పాఠాలు చెబుతున్నారు.  మన దేశపు సీడాక్ సంస్థ చేసిన బాస్ లినక్స్ ఉంది, అందులో తెలుగు ఉంది. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పని చేసింది. బొంబాయి ఐఐటీవాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి, దింపుకుని నెట్ లేకుండా చూడవచ్చు. అయినా ఆ టీచరు పూర్తిగా ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకోకపోవడం మంచిదే అయింది. బడి ఆఫీసు పని చేసే కంప్యూటర్‌ను విండోస్‌తోనే ఉంచాం. వాన లెక్క చూసే పాత కంప్యూటర్లో మాత్రం డెబియన్ వేశాం. డెబియన్‌నే ఎందుకంటే పాత యంత్రం మీద బరువు వేయదు, ఒక వెర్షన్‌కు దాదాపు ఐదేళ్లు మరమ్మతులు వస్తాయి, మొత్తం మూటను డిస్కులోకో పెన్‌డ్రైవులోకో దింపుకుంటే నెట్ లేకుండానే సాఫ్ట్‌వేర్లు వేసుకోవచ్చు. మా తండాలో ఫోనుకు సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. కాబట్టి మాకు ఈ చివరి గుణమే అన్నిటికన్నా పెద్దది.

లినక్స్‌లో ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ చూసి మొదట పిల్లలు జంకారు. “అంతా ఇంగ్లీషే సార్” అన్నారు. మేము ఒకటి గమనించాం. మా పిల్లలు ఇంట్లో యాడితో గోర్ బోలి మాట్లాడతారు. బడిలో తెలుగు నేర్చుకున్నారు. పనికి పోయిన చోట కన్నడం పట్టుకున్నారు. ఐదో తరగతికే మూడు భాషల మధ్య గంతులు వేసే వాళ్లకు, ముప్పై నలభై మాటలున్న ఇంకో భాష ఏపాటిది? అట్లా చెప్పాక వారం రోజుల్లో ఇద్దరు పట్టేశారు. మార్చి వానను పట్టుకున్న అమ్మాయి వారిలో ఒకతె. తాను ఇంటర్ తరువాత స్టాటిస్టిక్స్ తీసుకుంటానంటోంది. వాళ్ల నాయన, “అది చదివితే ఏమైతాది?” అని మమ్మల్ని అడిగాడు. మండలం లెక్క తప్పా ఒప్పా చెప్పగలుగుతుంది అన్నాం. ఆయన కాసేపు ఆలోచించి, “అయితే చదవనీ” అన్నాడు.

మీ తండాలో, మీ గూడెంలో ఎవరైనా ఇట్లాంటి పని పెట్టుకుంటే, ఏ సిస్టమ్ వేసుకున్నా దాని పేరు, వెర్షన్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ లెక్క పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. లెక్కను వట్టి అక్షరాల ఫైలుగా, కామాలతో విడదీసి దాచండి. అది ఏ సిస్టమ్‌లోనైనా, ఇరవై ఏళ్ల తరువాతైనా తెరుచుకుంటుంది. కాగితం పుస్తకాన్ని మాత్రం పారేయకండి. ఆ మార్చి 7 గుట్టు బయటపెట్టింది కాగితమే.

ఆర్‌లో కార్తెల వారీ వాన లెక్క వచ్చేసింది. క్యూజిఐఎస్‌లో బోర్ల పటం సగం అయింది. శనక్కాయ నమూనాను ఇంకా నడపలేదు. దానికి వాన ఒక్కటే చాలదు. రోజూ ఎక్కువ వేడి, తక్కువ వేడి, ఎంత ఎండ కాసింది అనేవి కూడా కావాలి. అవి నాసా ఉచితంగా ఇచ్చే లెక్కల నుంచి తీసుకుంటున్నాం. నేల ఎంత లోతు ఉంది, ఎంత నీళ్లు పట్టుకుంటుంది అనేది మాత్రం ఏ ఉపగ్రహమూ మా చేనుకు చెప్పదు. అందుకని ఈ వేసవి సెలవుల్లో పిల్లలు పార, గడ్డపార పట్టుకుని చేన్లల్లో గుంతలు తీస్తున్నారు. గరుసు తగిలేదాకా తవ్వి టేపు పెట్టి రాస్తున్నారు. ఇప్పటికి పదకొండు గుంతలయ్యాయి. ఒక చేనులో జానెడు లోతుకే గరుసు తగిలింది, గట్టుకు అవతలి చేనులో రెండు మూరలు దిగినా తగల్లేదు.